జీతమంత ఎత్తు

కొత్త జీతం అమల్లోకి రాగానే జనపనార మిల్లు ఎం.డి. విజయసారథి గారు మరో నాలుగంతస్తుల ఎత్తు పెరిగారు. ఇందులో వింతేమీ లేదు. ఆ మిల్లులో ఎవరి జీతాన్ని బట్టి వారి ఎత్తు ఉంటుంది. ఒకటో తారీకున గేటు పక్క గోడకి ఆనించి అందరినీ కొలుస్తారు. ఎం.డి. గారిని కొలవడానికి మాత్రం విమానాశ్రయం వాళ్ల అనుమతి తీసుకుంటారు.

ఆయన్ని చూస్తే ఎవరికైనా చేతులు జోడించాలనిపిస్తుంది. పొద్దున్నే ఎండ ముందు ఆయన నుదుటి మీద పడి, గంట తర్వాత కార్మికుల కాలనీకి దిగుతుంది. మబ్బు లేని రోజు తల్లులు పిల్లల్ని చంకనేసుకుని ఆయన గడ్డం చూపిస్తారు. ఒక్క మనిషి అంత మనిషి కాగలడా అని మనకే గుండె ఝల్లుమంటుంది.

నూలు విభాగంలో పనిచేసే పైడమ్మకు ఆరేళ్లుగా జీతం పెరగలేదు. ధరలు పెరిగినప్పుడల్లా ఆమె కాస్త కాస్త తగ్గుతూ వచ్చింది. ఈ నెల మునివేళ్ల మీద నిలబడ్డా మిషను హ్యాండిలు అందలేదు. అందనివాళ్లని పనిలోంచి తీసేయడం మిల్లు నిబంధన. అందుకని ఆమె ఎం.డి. గారికి మొర పెట్టుకోవడానికి అనుమతి అడిగింది.

లిఫ్టు ఆయన ప్యాంటు కుట్టు వెంబడి పైకి వెళుతుంది. చొక్కా జేబులో పర్సనల్ ఆఫీసరు రామ్మోహన్ కూర్చుంటాడు. అతను పైడమ్మ చేత చెప్పులు విప్పించి, గట్టిగా మాట్లాడమని చెప్పి, భుజం మీదికి పంపించాడు. అక్కడ గాలి చల్లగా ఉంది. అంత దగ్గరగా ఆ చెవిని చూసి పైడమ్మ చేతులు జోడించింది.

"బాబూ, హ్యాండిలుకి సెయ్యి అందట్నేదు. పని తీసెత్తారట. నాకీ పనొక్కటే ఉంది," అంది.

ఎం.డి. గారు మంచివారు. ఓపిగ్గా విన్నారు. తర్వాత కిందికి చూసి మెల్లిగా అన్నారు: "ఇక్కణ్నుంచి మీరందరూ ఒకే ఎత్తులో కనిపిస్తున్నారమ్మా. మన మిల్లులో ఎక్కువ తక్కువలు లేవు."

పైడమ్మ కూడా తొంగి చూసింది. గేటు దగ్గర జనం ఆవగింజల్లా ఉన్నారు. పొట్టివాళ్లెవరో పొడుగువాళ్లెవరో తెలియలేదు. ఆయన చెప్పింది నిజమే.

అయినా ఆయన దయతలిచి ఒక స్టూలు మంజూరు చేశారు. దాని మీద ఎక్కితే హ్యాండిలు అందింది. పని పోనందుకు పైడమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. స్టూలు ఖరీదు నెలనెలా జీతంలో కోస్తారు కాబట్టి, మర్నెల గోడ దగ్గర కొలిస్తే ఆమె సరిగ్గా స్టూలంత తగ్గింది. రెండో స్టూలుకి అర్జీ పెట్టుకోమని రామ్మోహన్ సలహా ఇచ్చాడు. ఆమె పెట్టుకుంది. అదీ మంజూరైంది.

స్టూళ్ల పథకం వల్ల మిల్లుకి వచ్చిన పేరుకి బోర్డు సంతోషించి ఎం.డి. గారి జీతం పెంచింది. ఆ సాయంత్రం ఆయన గడ్డం కూడా మబ్బుల్లోకి వెళ్లిపోయింది. పైడమ్మ రెండు స్టూళ్ల మీద నిలబడి కిటికీలోంచి చాలాసేపు అటే చూసింది.

"ఎంత ఎదిగినా బాబుకి గర్వం నేదు," అంది పక్క మిషనామెతో. "నాతోటి మాటాడినారు."