వెంకటనర్సమ్మ గొంతు

చిల్కానగర్ గల్లీల్లో నడుముల్లోతు వరద వచ్చిపోయిన నాలుగో ఏడు అది. ఆ పొద్దు వెంకటనర్సమ్మ సంవత్సరీకం. హన్మయ్య పెట్టుకున్న పని ఒక్కటే, భార్య పాడిన నాటు పాటను రాలేని చుట్టాలకు వినిపించడం. ఎప్పుడో కీసర జాతరలో ఒక క్యాసెట్ కంపెనీ ఆమె చేత ఆ పాట పాడించుకుని, చీర పెట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుంది. కోడలు హిమజ ఫోన్‌లో వీడియో ఛానల్ పెట్టి జాకెట్ల కటింగ్ నేర్పుతుంది. అది చూసినవాళ్లే ఆమెకు కుట్టుపని ఇస్తారు. క్యాసెట్‌లోని పాటను అందులోనే పెట్టింది.

గంటలో పాట మాయమైంది.

"మామా, పాట కంపెనీదంట. మూడుసార్లు తప్పు జేస్తే ఛానలే మూసేస్తరంట. ఒకటైపోయింది."

"మీ అత్త గొంతు కంపెనీది ఎట్లయితది? సంవత్సరీకం సగంల ఆపద్దు. మల్ల పెట్టు."

నాచారంలో నెట్ సెంటర్ నడిపే నరేన్ ఉపాయం చెప్పాడు. "కాకా, కుట్టుమిషన్ సప్పుడు కలిపి పెట్టున్రి. కంప్యూటర్ గుర్తువట్టది."

హిమజ పాట వెంబడే మిషన్ తొక్కింది. చుట్టాలకు మిషనే వినిపించింది. కంప్యూటర్‌కు పాటే వినిపించింది. రెండో తప్పు.

హన్మయ్య నరేన్ చేత అభ్యంతరం రాయించాడు. హక్కుదారు పేరు దగ్గర వెంకటనర్సమ్మ అని పెట్టించాడు. హక్కుదారు సంతకం పంపమని జవాబు వచ్చింది.

"సచ్చిపోయినామె సంతకం యాడికెల్లి తేవాలెరా?"

"గొంతు ఆమెదే అని సబూత్ సూపియ్యి కాకా."

ఆమె ఇంట్లో పాడుతుండగా తీసిన వీడియోను, క్యాసెట్ పాటను పక్కపక్కన పెట్టి ఛానల్‌లోకి ఎక్కించారు. అది మూడో తప్పు. ఛానల్ మూసేశారు.

"బండితోటి మనిషిని గుద్దినోనికి సుత గింత శిక్ష లేదు మామా. ఇగ జాకెట్లెవరిస్తరు?" అంది హిమజ.

సాయంత్రం క్యాసెట్ కంపెనీ నుంచి గిరిప్రసాద్ అనే ఆయన ఫోన్ చేశాడు. జరిమానా కోసమేనేమో అని హన్మయ్య లేచి నిలబడ్డాడు.

"మీ గొడవతో ఆ పాట ఎవరు పాడారో మాకు తెలిసిందండీ. మళ్లీ విడుదల చేస్తున్నాం. ఆవిడ ఫోటో కావాలి."

"అది గూడ మీదే గాదా?"

"అయ్యో, మీ అనుమతి లేకుండా వాడకూడదండీ. తప్పు కదా!"

"కోడలి ఛానల్ తెరిపియ్యి. ఇస్త."

"ఫిర్యాదులన్నీ వెనక్కి తీసుకుంటాం. ఒక్క మాట, పాత గాయకుల ఇళ్లవాళ్లందరూ దండ వేసిన ఫోటోలే పంపుతున్నారు. మీరలా పంపకండి."

మర్నాడు పొద్దున్నే హన్మయ్య గోడ మీది ఫోటో దించి, దండ తీసి, తువ్వాలుతో అద్దం తుడిచి, కాపీ తీయించడానికి నాచారంలోని ఫోటో స్టూడియోకు నడిచాడు. చనిపోయినట్టు తెలిస్తే పాట అమ్ముడుపోదట.