ఎల్లేశం ఎక్స్‌రే

ఎల్లేశం ఊపిరితిత్తుల నిండా బొగ్గు పేరుకుపోయిందనీ, రొమ్ము మీద నరం తాడంత లావు ఉబ్బిందనీ పక్కింటి సారవ్వ కళ్లారా చూసిందట. నల్లా దగ్గర ఈ మాట విన్న రమ, బిందె నిండకముందే కాసిపేటలో ఉన్న తన అన్న జైపాల్‌కు ఫోన్ చేసి చెప్పింది. సారవ్వ అబద్ధమాడలేదు. ఆమె చూసింది అచ్చం ఎక్స్‌రేలాగే ఉంది.

ఎల్లేశం కొడుకు అంజి హైదరాబాదులో బొమ్మల కాలేజీ చదివి వచ్చి, గోదావరిఖనిలో తమ క్వార్టరు డాబా మీద కాలనీ పిల్లలకు ఎండాకాలం క్లాసులు పెట్టాడు. ఫోన్లో తీసిన ఫొటోను ఎండతోనే నీలిబొమ్మగా అచ్చేయడం నేర్పాలని ఆ పొద్దున అతని ఆలోచన. మందు పూసిన కాగితాలు చీకటి గదిలో ఆరి సిద్ధంగా ఉన్నాయి. మేడే నాడు తాడు గుంజే పోటీలో తీసిన తన బాపు ఎల్లేశం ఫొటోను, నలుపు తెలుపయ్యేలా, తెలుపు నలుపయ్యేలా తిరగేసి పెద్ద ప్లాస్టిక్ షీటు మీద ప్రింటు తీయించాడు. దాంతో బాపు నల్లచారల బనీను కాస్తా పక్కటెముకలైంది. మసిబారిన తాడు తెల్లటి నరమైంది.

షీటును ఎత్తిపట్టి పిల్లలకు చెప్పాడు. "సూడున్రి, మా బాపు లోపలంత ఎట్ల నల్లగున్నడో! గిది నెగెటివ్. కాగితం మీద వెట్టి ఎండ తగిలిచ్చి, నీళ్లల్ల కడిగితె గని అసలు సంగతి బయట పడది."

పక్క డాబా మీద వడియాలు పెడుతున్న సారవ్వకు అంతకుమించి వినాల్సిన అవసరం కనిపించలేదు.

రోజూ మనుషుల్ని మాడ్చే ఎండ ఆ పూటే మబ్బు చాటుకు పోయింది. అంజి పిల్లల్ని మధ్యాహ్నం రమ్మన్నాడు. వాళ్లకంటే ముందు జైపాల్ వచ్చాడు, సంచి నిండా బత్తాయిలతో.

అంజి తల్లి మల్లక్కకు అతను వరుసకు తమ్ముడు. అతని బిడ్డ సంతోషి, అంజి ఒకరినొకరు ఇష్టపడ్డారు. పోయిన నెల మల్లక్క సంబంధం అడిగితే, "నౌకరి లేనోనికి పిల్లనెట్లిస్తరే?" అని చాయ్ తాగకుండా లేచిపోయిన మనిషి ఇప్పుడు, బొగ్గుబాయిలో నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్న ఎల్లేశం మంచం మీద చేరి గొంతు తగ్గించాడు.

"ఫికర్ జెయ్యకు బావా. డాక్టర్లు అన్‌ఫిట్ అని రాస్తె నీ నౌకరి అంజికే అస్తది. మా సంతోషిని గీ శ్రావణంలనే ఇచ్చి చేస్త."

"నాకేమైందిరా? గుండులెక్కున్న..." అని ఎల్లేశం లేవబోయాడు.

మల్లక్క అతని కాలు గిల్లింది. చెవి దగ్గర వంగి, "సంబంధం ఇంట్లకచ్చింది. జర దగ్గరాదు!" అంది.

ఎల్లేశం దగ్గాడు. అలవాటు లేని పని కావడంతో తుమ్మినట్టు వచ్చింది.

"బాపుకు ఏం కాలే మామా," అన్నాడు అంజి.

"కొడుకంటె గిట్లుండాలె." జైపాల్ కళ్లు తుడుచుకున్నాడు. "తండ్రి రోగం బయట వెట్టడు."

కబురు అందిన యూనియన్ లీడర్ సదానందం పరుగున వచ్చాడు. "ఫైలు నేను జల్ది కదిలిస్త కాకా. నువ్వు గట్లనే పండు." వెనకాలే షిఫ్టు దోస్తులు హార్లిక్స్ సీసాలతో దిగారు. వంటింట్లో ఉడికిన నాటుకోడి కూర జైపాల్ తిన్నాడు. ఎల్లేశానికి జావ పోశారు. ఈసారి దగ్గు నిజంగా ఏడుపులాగే వచ్చింది.

అప్పుడు ఎండ కాసింది.

డాబా మీద పిల్లలు అంజి కోసం ఆగలేదు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టే కాగితం మీద షీటు పెట్టి, పైన అద్దం పెట్టి, ఎండ చూపించి, టబ్బులో కడిగారు. పసుపుపచ్చ మందు నీళ్లలో కలిసిపోయి నీలం మిగిలింది. నీళ్లోడుతున్న కాగితాన్ని వాళ్లలో శ్రావణ్య అనే పిల్ల మంచం ముందుకు తెచ్చి పట్టుకుంది.

"అన్నా, అసలు సంగతి బయట పడ్డది!"

బొమ్మలో ఎల్లేశం కండలు ఉబ్బించి తాడు గుంజుతున్నాడు. అవతలి జట్టు బోర్లా పడి ఉంది. అందరికంటే కింద సదానందం ఉన్నాడు.

"శాబాష్! ఎంత సాఫ్ అచ్చిందే!" అన్నాడు అంజి, సంతోషి సంగతి మరిచిపోయి.

"గిదెప్పటిది బిడ్డా?" అన్నాడు జైపాల్.

"మొన్నటి మేడేదే. తాత ఒక్క గుంజుడుకే అందరు వడ్డరు!"

ఎల్లేశం అలవాటుగా దగ్గాడు. జైపాల్ బొమ్మనూ మనిషినీ మార్చి మార్చి చూసి, మిగిలిన బత్తాయిలు సంచిలో వేసుకున్నాడు.

"పిల్లగాండ్లు ఇష్టపడ్డరు గద తమ్మీ," అంది మల్లక్క. "ఇంక ఏం తక్కువైందని?"

"బావ గింత గట్టిగుంటె పిల్లనెట్లియ్యాలెనే?"