పోతే పోండి

ఆ శుక్రవారం ఉదయం చలపతిరావు బడికి సెలవు పెట్టి, సైనిక్‌పురి నుంచి నాచారం వెళ్ళి తమ్ముడితో రాజీపడదామనుకున్నాడు. రాజీ అన్న మాట మాత్రం పైకి రాకూడదు. అందుకని భార్య కామాక్షి చేత ఉగ్గుపిండి చేయించి స్టీలు డబ్బాకు ఎత్తించాడు. డబ్బా ఇచ్చి, పాపను ఎత్తుకుని, కాఫీ తాగేసరికి మాటలు వాటంతటవే కలుస్తాయని ఆయన అంచనా.

గొడవంతా ప్రయాణం గురించే. తమ్ముడు గిరిప్రసాద్, మరదలు హరిచందన ఉద్యోగాలు మానేసి, పది నెలల తారామణిని చంకనేసుకుని ఏడాదిపాటు ప్రపంచం చుట్టివస్తామన్నారు. చవక దేశాల్లో నెలేసి రోజులు మకాం, హాస్టల్ గదిలో పడక, చేతివంట. రెండేళ్ళు నిండేదాకా పిల్ల ఒళ్ళోనే కూర్చుంటుంది, సీటు కొననక్కర్లేదు. అందుకే ఇప్పుడే వెళ్ళాలట. రెండేళ్ళుగా వాళ్ళు ఒక సినిమా చూడలేదు, ఒక చీర కొనలేదు.

“గడప దాటడమే రాని పిల్లకు సముద్రాలు దాటడమెందుకురా?” అని చలపతిరావు సోమవారం నాడు ఎగిరిపడ్డాడు. మాటా మాటా పెరిగింది. చివరికి, “పోతే పోండి!” అని లేచి వచ్చేశాడు. అంతటితో ఊరుకోక తమ్ముడి నంబరు బ్లాక్ చేశాడు. ఆయన తెలుగు మాస్టారు. బడి వదిలాక పిల్లలెవరైనా “పోతున్న సార్” అంటే చాలు, “పోతానని అనకూడదు, వెళ్ళొస్తానని అనాలి” అని దిద్దేవాడు. ఇంట్లో ఆ పాఠం గుర్తుకు రాలేదు.

ప్రయాణం ఆదివారమని ఆయన లెక్క. గురువారం టిక్కెట్టు ఇంకా చవకగా దొరికిందని గిరిప్రసాద్ చెప్పబోయాడు కానీ, బ్లాక్ చేసిన నంబరు నుంచి ఏ కబురు వస్తుంది?

నాచారంలో తలుపుకు తాళం ఉంది. కింది వాటా వెంకటనర్సమ్మ బట్టలు ఆరేస్తోంది. తారామణికి పుట్టినప్పటి నుంచి లాలపోసింది ఆవిడే.

“మా తమ్ముడు వాళ్ళు లేరామ్మా?”

“ఏడున్నరు సారూ? పోయిన్రు.”

“పోయారా!”

“నిన్న పొద్దుగాల్నే. మొగుడు, పెండ్లాం, పసిగుడ్డు, ముగ్గురికి ముగ్గురు పోయిన్రు. ఇల్లంత బోసిగున్నది. నా కండ్లల్ల నీళ్ళాగుతలేవు.”

“ఎలా... ఎలా పోయారమ్మా?”

“ఇంకెట్ల పోతరు సారూ? ఇమానంల.”

వెంకటనర్సమ్మ పుట్టిందీ పెరిగిందీ ఉప్పల్‌లో. ఆవిడ లెక్కన మనుషులు బజారుకు పోతారు, బడికి పోతారు, పెళ్ళికీ పోతారు. నాలుగు నెలల క్రితం రాజమండ్రి నుంచి వచ్చిన చలపతిరావు లెక్కన మనుషులు ఎక్కడికైనా వెళతారు, పోతే మాత్రం ఇక తిరిగి రారు. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పిన మనిషికి ఆ క్షణంలో రెండో అర్థం తోచలేదు. గిరిప్రసాద్‌కు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్.

ఆయన మెట్ల మీద కూలబడ్డాడు. ‘పోతే పోండి అన్నాను. పోయారు.’ ఇంతకు మించి ఆలోచన సాగలేదు.

కామాక్షికి ఫోన్ చేశాడు. కామాక్షి ఏడుస్తూ కాకినాడకు చేసింది. అక్కడ హరిచందన తల్లి రాజశ్రీ వార్త వింటూనే సొమ్మసిల్లింది, ఆస్పత్రిలో చేర్చారు. చుట్టాల వాట్సాప్ గ్రూపులో మధ్యాహ్నానికల్లా ముగ్గురి ఫొటోలకూ దండలు పడ్డాయి. టీవీలో విమానం సంగతేమీ రాలేదే అని ఎవరో అడిగితే, కబురు తెలిసి నాచారం వచ్చిన, చలపతిరావు బడిలో వ్యాయామం నేర్పే దయాకర్, “దాస్తున్నరన్నా, మనకు తెల్వదా?” అని తేల్చేశాడు. షామియానా, కుర్చీలు, ముగ్గురి ఫొటోలతో ఫ్లెక్సీ అన్నీ అతనే తెప్పించాడు.

బజారుకు వెళ్ళి తిరిగొచ్చిన వెంకటనర్సమ్మ వాకిట్లో షామియానా చూసి కంగారుపడింది. “ఎవలకేమైంది బిడ్డా?”

“సారు తమ్ముని కుటుంబమంత సచ్చిపోయిన్రు అవ్వా” అన్నాడు దయాకర్.

ఆవిడ గుండె బాదుకుంటూ అందుకున్న ఏడుపు నాచారం చౌరస్తా దాకా వినిపించింది. మొదట చెప్పిన మనిషే ఇలా ఏడుస్తుంటే ఇక అనుమానమేముంది? చలపతిరావు లేచి నిలబడి అందరి ముందూ చేతులు జోడించాడు.

“నా తమ్ముడు దొంగతనానికి బయల్దేరలేదండీ, నాలుగు ఊళ్ళు చూస్తానన్నాడు. వెళ్ళి రారా అంటే నా సొమ్మేం పోయేది? అనలేకపోయాను.”

అప్పుడే, సైనిక్‌పురి నుంచి వచ్చి పక్కనే కూర్చున్న కామాక్షి ఫోన్ మోగింది. వీడియో కాల్. కొలంబోలో హాస్టల్ వంటగది, పొయ్యి మీద జావ, గిరిప్రసాద్ చంకలో తారామణి.

“వదినా, మా ఫొటోలకు దండలేమిటి?”

షామియానా కింద ఒక్కసారిగా గగ్గోలు పుట్టింది. చలపతిరావు ఫోన్ లాక్కుని నవ్వాడు, ఏడ్చాడు, ఎవరినో తిట్టాడు. “ఒరేయ్, వెళ్ళి రండిరా! హాయిగా ప్రపంచమంతా తిరిగి రండి!” అని అరిచాడు. ఆ మాట నాలుగు రోజులు ఆలస్యమైంది.

కాకినాడలో రాజశ్రీకి స్పృహ వచ్చింది కానీ నమ్మకం రాలేదు. కూతుర్ని వీడియోలో చూపిస్తే, “ఈ రోజుల్లో ఫోన్లో బొమ్మలు ఎలాగైనా చేస్తున్నారు” అని మొహం తిప్పుకుంది. పిల్లను ఒళ్ళో వేస్తే తప్ప పచ్చి మంచినీళ్ళు ముట్టనంది. ఇక చేసేదేముంది? ముగ్గురూ తిరుగు విమానమెక్కి, కాకినాడ వెళ్ళి, ఆవిడ చేత అన్నం తినిపించి, మంగళవారం నాచారం చేరారు.

ఏడాదికి సర్దిన సంచీని హరిచందన ఆరో రోజునే విప్పుతోంది.

“మళ్ళీ బయల్దేరండమ్మా. ఈసారి నేనే దింపుతాను” అన్నాడు చలపతిరావు.

“వరస టిక్కెట్లు బావగారూ. మధ్యలో ఒకటి ఎక్కకపోతే మిగతావన్నీ రద్దు. మళ్ళీ కూడబెట్టేసరికి తారకు రెండేళ్ళు దాటిపోతాయి” అంది హరిచందన. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది. వద్దనుకున్నన్నాళ్ళూ ఆగని ప్రయాణం, వెళ్ళి రమ్మన్న రోజునే ఆగిపోయింది.

తారామణి ఎవరి ధ్యాసా లేకుండా పాకుతూ పోయి గడప దాటింది. గడప దాటిన పిల్లకు గారెలు వండాలన్న మాట ఎవరికీ గుర్తుకు రాలేదు. వెంకటనర్సమ్మ పాపను ఎత్తుకుంది.

“నేనైతే ‘పోయిరాండ్రి’ అని సాగనంపిన సారూ. మీరేమని పంపిన్రు?”

చలపతిరావు ఉగ్గుపిండి డబ్బా గట్టు మీద పెట్టి, మూత సరిగ్గా ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు.

మర్నాడు బడి వదిలాక దీప అనే పిల్ల “పోయొస్త సార్” అంది. ఆయన దిద్దలేదు. ‘వస్త’ అన్న ముక్క సరిగ్గా వినపడలేదని మరోసారి చెప్పించుకున్నాడు, అంతే.