శుద్ధ శాకాహార పిచ్చుకలు

బుగ్గమ్మ సెల్లార్‌లో తన గది గడప ముందు కూర్చుని కంట్రోలు బియ్యం చెరుగుతుండగా, అసోసియేషన్ సెక్రటరీ ఉమాకాంత్ వచ్చి లిఫ్టు పక్క గోడకు ఒక కాగితం అంటించి వెళ్లాడు. చాటలోంచి రాలే నూకల కోసం, నూకలతోపాటు రాలే తెల్లపురుగుల కోసం నాలుగు పిచ్చుకలు ఆమె కాళ్ల దగ్గరే గెంతుతున్నాయి. ఐదో తరగతి దాకా చదివిన బుగ్గమ్మ చాట పక్కన పెట్టి, పెదాలు కదుపుతూ కాగితం చదివింది.

"సాత్విక్ నివాస్ వాసులకు తెలియజేయునది ఏమనగా, మన భవనంలో పురుగుల బెడదను ప్రకృతిసిద్ధంగా నివారించుటకు గాను పక్షులను ఆహ్వానించవలెనని సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

పిచ్చుకలకు చదువు రాదు గనుక ఆహ్వానం అందిన సంగతి తెలియక నూకలు ఏరుకుంటూనే ఉన్నాయి.

సాత్విక్ నివాస్ అశోక్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్లకూ హాస్టళ్లకూ మధ్య ఇరుక్కుని ఉన్న ఐదంతస్తుల భవనం. గేటు మీద "ఇది శుద్ధ శాకాహార భవనం, గుడ్డు కూడా అనుమతించబడదు" అని బోర్డుంటుంది. అధ్యక్షుడు జగదీశ్వర్ పెద్ద హోదాలో రిటైరైన అధికారి. తీర్మానం లేకుండా టీ కూడా తాగడు. బుగ్గమ్మ భర్త బీరయ్య అక్కడ వాచ్‌మన్. మక్తల్ దగ్గరి ఊరి నుంచి వలస వచ్చి తొమ్మిదేళ్లయింది. కూతురు ప్రేమ సర్కారు బడిలో పదో తరగతి చదువుతోంది. పరీక్షలకు ఇంకా రెండు నెలలకు పైనే ఉంది. ఆ ఇంటి ఆశలన్నీ ఆ పరీక్షల మీదే ఉన్నాయి గనుక గదిలో రేడియో కూడా మూగబోయింది.

పురుగుల బెడద చిన్నదేమీ కాదు. జగదీశ్వర్ భార్య సులోచన టెర్రస్ మీద కుండీల్లో వంకాయలు, బెండకాయలు పండిస్తుంది. ఆ వంకాయలతో వండిన గుత్తివంకాయ తింటుండగా ఉమాకాంత్ పళ్లెంలో ఒక పురుగు సగం మాత్రం కనిపించింది. మొత్తం కనిపించి ఉంటే ఎవరూ అంత బాధపడేవారు కాదు. మిగతా సగం ఎక్కడికి పోయిందన్నది అందరికీ తెలుసు గనుక ఎవరూ అడగలేదు. తర్వాతి సమావేశం మినిట్స్‌లో "దురదృష్టకర సంఘటన" అని రాసుకున్నారు. మందు కొడదామంటే సులోచన ఒప్పుకోలేదు. తన తోట ఆర్గానిక్ అని ఆమె అప్పటికే చుట్టాలందరికీ చెప్పేసింది.

పక్షుల మీద చర్చలో ధర్మసందేహం లేవనెత్తినవాడు ఉమాకాంతే. పిచ్చుక పురుగును తింటుంది, అదీ మన ఆవరణలో తింటుంది, గేటు మీది బోర్డు మాటేమిటని అడిగాడు. సభ స్తంభించింది. అప్పుడు జగదీశ్వర్ లేచి కండువా సర్దుకున్నాడు.

"మిత్రులారా, మనం పక్షులను గింజలు తినుటకు మాత్రమే పిలుచుచున్నాము. ఇది మన సంస్కృతి. ఆ సమయంలో ఆవరణలోని పురుగులు కనిపించకుండా పోయినచో, అది పక్షులకూ పురుగులకూ మధ్య గల ఆంతరంగిక వ్యవహారం. అందులో అసోసియేషన్ జోక్యం చేసుకోదు."

ఇంత సున్నితమైన మనసు గల అధ్యక్షుడు దొరకడం తమ అదృష్టమని అందరూ చప్పట్లు కొట్టారు.

వెంటనే తొమ్మిది చెక్క గూళ్లు తెప్పించారు. వాస్తు ప్రకారం గూళ్ల ద్వారాలు తూర్పుకే ఉండాలన్నారు. టెర్రస్‌కు తూర్పున పిట్టగోడ ఉంది. కాబట్టి తొమ్మిది గూళ్లూ గోడకు ముఖం పెట్టి, హోంవర్కు చేయని పిల్లల్లా నిలబడ్డాయి. కార్ల మీద రెట్టలు పడుతున్నాయని ఆరేళ్ల కింద కొట్టించిన వేపచెట్టు చోట, పక్షులకు గుర్తుండేలా వేపచెట్టు బొమ్మ ఉన్న ఫ్లెక్సీ కట్టారు. బాల్కనీలకున్న పావురాల వలలు తీయలేదు గానీ, ఆ నిషేధం పిచ్చుకలకు వర్తించదని వాట్సాప్ గ్రూపులో స్పష్టం చేశారు. అయినా పిట్ట రాకపోవడంతో స్పీకరు పెట్టి పొద్దస్తమానం పిచ్చుకల కిచకిచలు వినిపించారు. మూడో రోజుకల్లా గాంధీనగర్ దాకా ఉన్న పిల్లులన్నీ టెర్రస్ ఎక్కాయి.

పదిహేనో రోజున సులోచన ఎవరూ చూడకుండా సెల్లార్‌లోకి దిగింది. బుగ్గమ్మ గది తలుపు మీద ఊరి నుంచి తెచ్చిన వరికంకుల కుచ్చు వేలాడుతోంది. పక్కన మూకుడులో నీళ్లున్నాయి. పైన మీటర్ బోర్డు సందులో పిచ్చుకల గూడుంది. రెండేళ్ల కింద "అపరిశుభ్రత" కింద నోటీసు అందుకున్న గూడు అదే.

"బుగ్గమ్మా, నీ పిట్టలను జర పైకి తోలరాదా?" అంది సులోచన.

"నా పిట్టలేంది అమ్మా? అవేమన్న మేకలా, తోలనీకి?"

"మరి నీ తానకే ఎందుకొస్తున్నయి? మేం గంత మంచి ఇండ్లు కట్టిస్తిమి."

"ఇండ్లు మంచిగనే ఉన్నయి. దర్వాజకు గోడ అడ్డమున్నది. మీరైతే గట్లాంటి ఇంట్ల దిగుతరా?"

సులోచనకు ఈ కోణం తట్టలేదు. వాస్తు పుస్తకంలోనూ లేదు.

ఆ మధ్యాహ్నం బుగ్గమ్మ టెర్రస్ ఎక్కి గూళ్ల ముఖాలు తిప్పింది. తన కుచ్చును రెండు పాయలు చేసి ఒకటి అక్కడ కట్టింది. పొర్లడానికి తట్టలో దుమ్ము, తాగడానికి మూకుడులో నీళ్లు పెట్టింది. స్పీకరు వైరు పీకేసింది.

"పిట్ట గూడు పెట్టి పిల్లలను లేపాలె అమ్మా. అప్పుడే పురుగులను మంచిగ ఏరుతది. పసిపిల్లకు గింజ అరగదు. మెత్తటి పురుగే పెట్టాలె."

"మెల్లగ మాట్లాడు," అంది సులోచన అటూ ఇటూ చూసి. "కింద అందరు వింటరు."

నెల తిరిగేసరికి ఐదు గూళ్లలో కాపురాలు మొదలయ్యాయి, మరి కొన్నాళ్లకు పిల్లలు కిచకిచమన్నాయి. వంకాయలు పుచ్చు లేకుండా నిగనిగలాడాయి. ఈ విజయానికి గాను నారాయణగూడలో ఒక ఫంక్షన్ హాల్లో జగదీశ్వర్‌కు శాలువా కప్పారు. "పక్షులతో నాది పూర్వజన్మ బంధం" అని ఆయన ముప్పావుగంట మాట్లాడాడు. బుగ్గమ్మ కూడా వెళ్లింది. ప్రదర్శన కోసం పట్టుకెళ్లిన ఖాళీ గూడును తిరిగి మోసుకురావడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

సన్మానంతో మెత్తబడిన అధ్యక్షుడు మర్నాడే మరో తీర్మానం చేయించి రేకు మీద రాయించాడు: "గూటిలో పిల్లలున్నంత వరకు గూడు కదల్చరాదు. అతిక్రమించిన వారిపై చర్య తీసుకొనబడును." భవనంలో మొట్టమొదటి గూడు మీటర్ బోర్డు దగ్గరిది గనుక, ఆ రేకును సరిగ్గా బుగ్గమ్మ తలుపు మీద కొట్టారు.

అంతా ఇంత చల్లగా సాగుతుండగా బుగ్గమ్మ ఘోరమైన తప్పు చేసింది. రాత్రనక పగలనక చదివి ప్రేమ తిండి మానేసింది. నోటికి ఏదీ సయిస్తలేదని కంచం ముందు నుంచి లేచిపోతుంటే చూడలేక, ఊరి నుంచి తమ్ముడు తెచ్చిన ఎండుచేపలు నాలుగు పులుసు పెట్టింది. పిల్ల రెండుసార్లు అడిగి వేసుకుని తిన్నది. ఆ వాసన లిఫ్టు కోసం ఆగలేదు. మెట్ల మీదుగా ఐదో అంతస్తుకు చేరింది.

అత్యవసర సమావేశం టెర్రస్ మీద, గూళ్ల పక్కనే జరిగింది. నీసు వండినందుకు ఆదివారంలోగా గది ఖాళీ చేయాలని ఉమాకాంత్ చదివి వినిపించాడు. పరీక్షలు సోమవారం నుంచి.

"సార్, పిల్ల పరీక్షలయ్యేదాక ఉండనీయండి. మల్ల నేనే సామాను తీస్త," అంది బుగ్గమ్మ. "ఇంకోసారి వండితే నన్నడగండి."

"బుగ్గమ్మా, నాకు నీ మీద కోపం లేదు," అన్నాడు జగదీశ్వర్. "కానీ ఒక ప్రాణిని చంపి తినుట మన భవనం యొక్క ఆత్మకే విరుద్ధం. నియమమన్న తరువాత మినహాయింపు ఉండదు."

అప్పుడే ఒక పిచ్చుక ఆకుపచ్చ పురుగును ముక్కున కరుచుకుని అధ్యక్షుడి భుజం పక్కగా ఎగిరొచ్చి గూటి మీద వాలింది. పురుగు ఇంకా మెలికలు తిరుగుతోంది. గూట్లో పిల్లలు నోళ్లు తెరిచి గోల పెట్టాయి.

"సార్," అన్నాడు అప్పటిదాకా తలొంచుకుని ఉన్న బీరయ్య, "గా పిట్ట నోట్ల ఏమున్నది?"

ఉమాకాంత్ తీర్మానాల పుస్తకం వెనక్కి తిరగేశాడు. "ఆంతరంగిక వ్యవహారం" అన్న పేజీ దొరికాక అతని ముఖం తేటపడింది.

"పాపం, పసివి," అంది సులోచన గూటివైపు చూస్తూ. "ఎదిగే వయసు. మంచిగ తినకుంటే ఎట్ల?"

మెట్ల దగ్గర సైన్సు పుస్తకంతో నిలబడ్డ ప్రేమ ఈ మాట విని కిందికి దిగిపోయింది. సభ ముగిసినట్టు మినిట్స్‌లో రాశారు.

ఆదివారం పొద్దున బీరయ్య సామానుతో ట్రాలీ ఆటోలో ముందే లోయర్ ట్యాంక్ బండ్ వైపు వెళ్లాడు. అక్కడ బస్తీలో చుట్టాల గదిలో ఇంకో నలుగురితో సర్దుకోవాలి. బుగ్గమ్మ గది ఊడ్చి బయటికి వచ్చేసరికి లిఫ్టు పక్కన కొత్త కాగితం ఉంది. జిగురు ఇంకా ఆరలేదు. ఆమె పెదాలు కదుపుతూ చదివింది.

"శుద్ధ శాకాహారి అయిన వాచ్‌మన్ కావలెను. పక్షులను మచ్చిక చేయుటలో అనుభవం గలవారికి ప్రాధాన్యత."

సులోచన మెట్ల మీద నుంచే అంది: "ఆ కుచ్చు తీయకు బుగ్గమ్మా. పిల్లలున్నయి గద, అన్యాయమైపోతయి."

ఆదివారం గనుక వాసులంతా ఇళ్లలోనే ఉన్నారు. బాల్కనీల్లో పావురాల వలల వెనక వరుసగా నిలబడి, కాఫీ తాగుతూ చూస్తున్నారు. మనలాంటివాళ్లే. అందరికీ బాధగానే ఉంది. తీర్మానం అయిపోయాక బాధపడటానికి ఏ అభ్యంతరమూ లేదు.

బుగ్గమ్మ కుచ్చు ముట్టుకోలేదు. మూకుడు నిండా నీళ్లు పోసింది. కొంగులో మిగిలిన నూకలు గడప ముందు చల్లింది. తలుపు మీది రేకు బోర్డు వైపు ఒకసారి చూసి, చాట చంకన పెట్టుకుంది. ప్రేమ చేయి పట్టుకుని గేటు దాటి వెళ్లిపోయింది.