మా అల్లుడి బ్రేకు కూయలేదు

“ఆగడం చేతనైనవాడే అందలం ఎక్కాలి! మనిషి విలువ మాటలో తెలియదు, మంచితనంలో తెలియదు, బ్రేకులో తెలుస్తుంది!”

ఈ మాట ఏ మహర్షో అన్నాడనుకునేరు. అన్నది మా అల్లుడి ఆఫీసులో పెద్దసారు. వాళ్లది నీళ్లపంపులు అమ్మే కంపెనీ. నీళ్లపంపులకీ బ్రేకులకీ ఏం చుట్టరికం బాబూ అని మా అల్లుడినే అడిగాను. “అత్తయ్యగారూ, అది మీకు అర్థం కాదు” అన్నాడు. తనకి అర్థం కానివన్నీ నాకూ అర్థం కావని అతని నమ్మకం.

సంగతేమిటంటే, పెద్దసారుకి అరవయ్యో ఏట రేసుల పిచ్చి పట్టింది. ఊరి బయట ఒక రోడ్డుంది. ఎక్కడికీ పోదు. ఎక్కడ బయల్దేరామో గుండ్రంగా తిరిగి అక్కడికే తెస్తుంది. దాన్ని ట్రాకంటారట. నెలకో ఆదివారం ఎవరి కార్లు వాళ్లు తెచ్చుకుని దానిమీద తిప్పుకోవచ్చట. దాన్ని ట్రాక్ డే అంటారట. నా చిన్నప్పుడు గానుగెద్దు రోజూ చేసింది ఈ పనే. దానికి మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టలేదు పాపం!

ఆఫీసులో స్పీడు క్లబ్బు పెట్టారు. అప్పటికి నాలుగు నెలలుగా మేనేజరు కుర్చీ ఖాళీ. “క్లబ్బులో ఎవరు బాగా ఆగితే ఆ కుర్చీ వాళ్లది” అని పెద్దసారు ప్రకటించారు. మా అల్లుడు పదకొండేళ్లుగా డిప్యూటీ. ఆ పదకొండేళ్లలో ముగ్గురు మేనేజర్లు వచ్చారు, పోయారు. ఇతను మాత్రం ఆ కుర్చీ పక్కన నిలబడి ఫైళ్లు అందిస్తూనే ఉన్నాడు.

“అమ్మా, ఈసారీ రాకపోతే ఈయనతో వేగలేను. కలలో కూడా ‘యస్ సార్’ అంటున్నారు” అని మా అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది.

మా అల్లుడి డ్రైవింగు గురించి చెప్పాలంటే, వెనక నుంచి సైకిలు మీద పాలవాడు బెల్లు కొడతాడు. అతను పక్కకి తప్పుకుంటాడు. అలాంటి మనిషి రేసు బ్రేకులు వేయించడానికి బయల్దేరాడు! ప్రతి బుధవారం నన్ను కంటి ఆస్పత్రికి తీసుకెళ్తాడు, అంచేత నేనూ కార్లోనే ఉన్నాను. మెకానిక్కు నాకు ఒక పాత టైరు తుడిచి కుర్చీలా వేశాడు.

“బ్రేకులు ట్రాకుకీ పనికిరావాలి, వీధికీ పనికిరావాలి” అన్నాడు మా అల్లుడు.

“ట్రాకుకి ఎన్నిసార్లు వెళ్లారు సార్?”

“ఇంకా వెళ్లలేదు.”

“వీధిలోకి?”

“రోజూ.”

“అయితే వీధికే వేద్దాం సార్.”

మా అల్లుడు కోపంగా చూశాడు. మెకానిక్కు చేతులు తుడుచుకుని ఓపిగ్గా చెప్పాడు. “ఉత్త ట్రాకు ప్యాడ్లని ఉంటాయి సార్. అవి బాగా కాలితేనే పట్టుకుంటాయి. చల్లగా ఉంటే చక్రాన్ని పట్టించుకోవు, ఊరికే కూస్తాయి.”

“ఇస్త్రీపెట్టెలాగన్నమాట. కాలకపోతే బట్ట మీద ఊరికే తిరుగుతుంది” అన్నాను.

“అంతే పెద్దమ్మా! మీకు తెలిసింది, సారుకి తెలియట్లేదు.”

చివరికి రెండింటికీ పనికొచ్చే ప్యాడ్లు వేశాడు. వాటితోపాటు పళ్లెమంత డిస్కులు, ఇనపతీగ అల్లిన గొట్టాలు, ఎంత కాగినా మరగని బ్రేకు ఆయిలు, చక్రం సందులోంచి అందరికీ కనబడేలా, ప్యాడ్లని పట్టి నొక్కే ఎర్రటి క్యాలిపర్లు. “కొత్తవి కదా, నాలుగు రోజులు మెల్లగా అలవాటు చెయ్యండి” అన్నాడు. మెల్లగా అని మా అల్లుడికి వేరే చెప్పాలా!

నిజం చెప్పొద్దూ, అవి మంచి బ్రేకులు. కాలు ఇలా ఆనిస్తే బండి అలా ఆగేది. చీమ నడిచిన చప్పుడు కూడా లేదు. ఆస్పత్రి గేటు ముందు సరిగ్గా ఆగాం. నేను దిగి దీవించాను. ఆ సుఖం సోమవారం దాకా!

సోమవారం ఆఫీసు ఆవరణలోకి రికార్డురూము గుమాస్తా కారు వచ్చింది. ముగ్గురి చేతులు మారి నాలుగోవాడిగా ఇతని చేతికొచ్చిన బండి. ఆగుతూ “కీ…చ్!” మంది. మేడమీద కిటికీలు అదిరాయట. పెద్దసారు బాల్కనీలోకి పరుగెత్తుకొచ్చారు.

“ఎవరిదా బండి?”

గుమాస్తా కారు దిగి చేతులు కట్టుకున్నాడు. “క్షమించండి సార్! వచ్చే నెల మార్పించేస్తాను.”

“మార్పిస్తావా? ముట్టుకున్నావంటే ఊరుకోను! అదీ అసలైన రేసు ప్యాడు కూత! విదేశాల్లో విన్నాను, మళ్లీ ఇవాళ విన్నాను! ఇవాళ్టి నుంచి క్లబ్బుకి నువ్వే కెప్టెన్‌వి!”

ఇదంతా మా అల్లుడు అన్నం ముందు కూర్చుని, ముద్ద ఎత్తకుండా చెప్పాడు. చెప్పి, “నా బ్రేకు కూయట్లేదే!” అని కంచంలోకి చూస్తూ ఉండిపోయాడు. పిల్లకి మాటలు రాలేదని దిగులుపడే తండ్రి కూడా అలా అయిపోడు.

మంగళవారం పొద్దున్నే మళ్లీ మెకానిక్కు దగ్గరికి. మర్నాటి ఆస్పత్రికి బండి ఎలా ఉంటుందో చూసుకోవాలి కదా, నేనూ వెళ్లాను.

“నా బ్రేకులు కూయట్లేదయ్యా!”

“కూయవు సార్. మంచివి.”

“కూయాలి.”

మెకానిక్కు నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను.

“సార్, ముప్పై ఏళ్లుగా కూత తియ్యమని వచ్చినవాళ్లనే చూశాను. పెట్టమని వచ్చింది మీరొక్కరే.”

“ఎక్కువ మాట్లాడకు. ట్రాకు ప్యాడ్లు వెయ్యి.”

“అవి కాలాలి సార్. మీరు పోయే స్పీడుకి అవి కాలాలంటే ఎండాకాలం రావాలి!”

వేశాడు. మర్నాడు కంటి ఆస్పత్రికి బయల్దేరాం. గేటు వచ్చింది. మా అల్లుడు బ్రేకు తొక్కాడు. కీ…చ్! ఏం కూత, ఏం కూత! రోడ్డు మీది జనమంతా తిరిగి చూశారు. అతని మొహం వెలిగిపోయింది. బండి మాత్రం ఆగలేదు. గేటు దాటింది, మందులషాపు దాటింది, కళ్లజోళ్లషాపు దాటింది, వెళ్లి వెళ్లి ఎముకల ఆస్పత్రి ముందు ఆగింది.

“ఫర్వాలేదులే బాబూ. ఇంకో రెండు వారాలు ఇలాగే తిరిగితే ఇక్కడే పని పడుతుంది. దారి తెలియడం మంచిదే” అన్నాను.

అప్పటి నుంచి రోజూ పొద్దున్న బ్రేకులు కాచే కార్యక్రమం. ఒక కాలుతో యాక్సిలరేటరు, ఇంకో కాలుతో బ్రేకు, మా వీధి చుట్టూ ఎనిమిది చుట్లు! కుక్కలు వీధి మారిపోయాయి. ఎదురింటావిడ కిటికీకి పరుపు అడ్డం పెట్టుకుంది. ఆఫీసుకి చేరేసరికి దారిలో సిగ్నళ్ల దగ్గర నిలబడి నిలబడి అవి మళ్లీ చల్లారిపోయేవి.

మిగతావాళ్లు ఊరుకుంటారా? ఒకాయన డిస్కుల మీద ఇసుక చల్లాడట. లెక్కల విభాగం ఆయన, గుమాస్తా బండి కూతని ఫోనులో రికార్డు చేసుకుని, కారు ఆపినప్పుడల్లా మోగించేవాడట. ఓ రోజు అది మీటింగు మధ్యలో మోగింది. పెద్దసారు కళ్లు మూసుకుని, “ఆహా!” అన్నారట.

ఆ తరవాత సర్క్యులరు కూడా వచ్చింది. మా అల్లుడు నిలబడి మరీ చదివి వినిపించాడు.

“విషయము: సిబ్బంది వాహనముల బ్రేకుధ్వని గురించి. కీచుధ్వని కలిగిన వాహనములను ప్రధాన ద్వారము ఎదుట నిలుపవలెను. నిశ్శబ్దముగా ఆగు వాహనములను వెనుకభాగమున, చెత్తకుండీ పక్కన నిలుపవలెను. ఇట్టి ఉత్తర్వులు తక్షణము అమలులోకి వచ్చును.”

ట్రాక్ డే ఆదివారం రానే వచ్చింది. ట్రాకుకి కుటుంబాలతో సహా రమ్మన్నారు. ఓ పక్క టీ డేరా, అందులో ఆడవాళ్లకి కుర్చీలు. ఇంకో పక్క పనిముట్ల పెట్టెతో మా మెకానిక్కు, క్లబ్బువాళ్లే పిలిపించారట. రోడ్డుకి అడ్డంగా తెల్లగీత, గీత అవతల గొడుగు కింద పెద్దసారు. ఆయన కారు మాత్రం లారీ మీద వచ్చింది, లారీ మీద నుంచి దిగలేదు. దుమ్ము పడదట!

పరీక్ష ఏమిటంటే, ఓ చుట్టు తిరిగొచ్చి గీత మీద ఆగాలి. అంతే.

మా అల్లుడు బయల్దేరాడు. ఆ రోజు వీరావేశంతో నలభై దాటించాడు. మా అమ్మాయి నా చెయ్యి నలిపేసింది. “అమ్మా, ఆగుతారంటావా?” “ఎప్పుడో ఒకప్పుడు ఆగాలిగా తల్లీ!” అన్నాను. గీత దగ్గర బ్రేకు తొక్కాడు. రైలుకూత! గీత దాటాడు. పెద్దసారు కాళ్లు పైకి లాక్కున్నారు. ఆయన్నీ దాటాడు. జెండాకర్ర దాటాడు. టీ డేరా తాడు తెంపుకుని సరిగ్గా నా కుర్చీ పక్కన ఆగాడు.

“టీ తాగుతావా బాబూ?” అన్నాను.

మిగతావాళ్లూ అంతే. ఒకాయన గీతకి ముందే ఆగిపోయి దిగి తోసుకొచ్చాడు. ఇసుకాయన కారు గడ్డిలోకి పోయింది. లెక్కలాయన ఫోను కూసింది, బండి కూయలేదు, ఆగనూ లేదు.

చివరికి గుమాస్తా. అంత దూరాన్నే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశాడు. మూడో గేరు, రెండో గేరు, ఒకటో గేరు… పసిపిల్లని పడుకోబెట్టినంత మెల్లగా వచ్చి, చివర్లో ఒక్క “కీచ్” అని, గీత మీద నూలుపోగు కూడా అటూ ఇటూ కాకుండా ఆగాడు.

పెద్దసారు కుర్చీ ఎక్కి గంతేశారు. “చూశారా! అదీ బ్రేకంటే! ఏయ్ మెకానిక్కూ, ఆ చక్రం విప్పు! అందరూ దగ్గరికొచ్చి చూసి బుద్ధి తెచ్చుకోండి!”

మెకానిక్కు విప్పాడు. చూశాడు. తల గోక్కున్నాడు.

“సార్, ఇందులో ప్యాడు లేదు.”

“అంటే?”

“మొత్తం అరిగిపోయింది సార్. అరిగినప్పుడు డిస్కుకి తగిలి కూయమని ఇందులో చిన్న ఇనప నాలిక పెడతారు. ‘నా పనైపోయింది, నన్ను మార్చండి మొర్రో’ అని ఏడుస్తుంది. మీరు ఇన్నాళ్లూ విన్నది ఆ ఏడుపే!”

గుమాస్తా రెండు చేతులూ జోడించాడు. “మార్పిస్తానంటే మీరే వద్దన్నారు సార్. నా బండికి బ్రేకుల్లేవని నాకు తెలుసు. అందుకే రోజూ మెల్లగా పోతున్నాను, ముందే ఆగుతున్నాను.”

అందరూ పెద్దసారు వైపు చూశారు. ఆయన దగ్గారు, టై సర్దుకున్నారు.

“నాకు మొదటిరోజే తెలుసు! దీన్ని శూన్యప్యాడు విధానం అంటారు. విదేశాల్లో ఇప్పుడంతా ఇదే! ఫలితాలు రేపు చెబుతాను.”

చప్పట్లే చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది మా అల్లుడు!

మెకానిక్కు మాత్రం ఎవరినీ అడక్కుండా తన పెట్టెలోంచి కొత్త ప్యాడ్లు తీసి గుమాస్తా బండికి వేసేశాడు. మర్నాడు ఆ బండి చప్పుడు లేకుండా ఆగిందని అతన్ని క్లబ్బులోంచి తీసేశారనుకోండి, అది వేరే సంగతి.

తిరుగుప్రయాణానికి నేను మా అల్లుడి కారు ఎక్కనన్నాను. “మీరిద్దరూ రండి అమ్మాయ్, నా ఎముకలు నాకు కావాలి” అని ట్యాక్సీ పిలిపించుకున్నాను. కూర్చున్నానో లేదో, అవతలి తలుపు తీసుకుని ఎవరో వంగి వంగి లోపలికి దూరారు. చూద్దును కదా, పెద్దసారు!

“అమ్మా, నేనూ ఊళ్లోకే. మావాళ్లంతా ఎక్కమని ప్రాణాలు తీస్తున్నారు. కాస్త చోటివ్వండి.” డ్రైవరు వైపు వంగి గొంతు తగ్గించారు. “బాబూ, నీ బ్రేకులు కూయవు కదా?”

“నిన్ననే మార్పించాను సార్. చప్పుడే ఉండదు.”

“బతికించావు. మెల్లగా పోనీ.”

టీ డేరాలో టీ పోసే మనిషిననుకున్నారు కాబోలు, ఆయన హాయిగా కాళ్లు చాపుకున్నారు. నేనూరుకోగలనా?

“మేనేజరు కుర్చీ ఎవరికి నాయనా? గుమాస్తాకేనా?”

ఆయన పకపకా నవ్వారు. “భలేవారమ్మా మీరు! అది పోయిన నెలే మా బావమరిదికి రాసేశాను. ఆర్డరు సొరుగులో ఉంది.”

“ఆయన కారుకి ఏ బ్రేకులు?”

“వాడికి కారెక్కడిది? సైకిలు కూడా రాదు!”

“మరి ఈ క్లబ్బూ, ఈ కూతలూ ఎందుకు నాయనా?”

“ఊరికే బావమరిదికిచ్చానంటే వీళ్లంతా నా మీద పడి ఏడుస్తారమ్మా. ఇప్పుడైతే ఎవరి తప్పు వాళ్లు తమ బ్రేకుల్లోనే వెతుక్కుంటారు!”

ఆహా, ఎంత బుర్ర అనుకున్నాను. కాసేపటికి ఆయనకే తోచింది. “ఇంతకీ మీరు ఎవరి తాలూకమ్మా?”

“టీ డేరా తాడు తెంపాడు చూడండి, ఆ డిప్యూటీకి అత్తగారిని.”

ఆయన కాళ్లు దగ్గరికి తీసుకున్నారు.

“నాకు మాట దాగదు నాయనా. అదొక్కటే నా జబ్బు. బుధవారం కంటి ఆస్పత్రి వరసలో మీ ఆఫీసు ఆడవాళ్లే నలుగురు కూర్చుంటారు. పొద్దుపోవద్దూ!”

“ఇక్కడే ఆపు బాబూ” అన్నారాయన. ఊరు ఇంకా రాలేదు.

సోమవారం సాయంత్రం మా అల్లుడు చేతిలో కాగితంతో పరుగెత్తుకొచ్చాడు. “అత్తయ్యగారూ! మేనేజర్నయ్యాను! చూశారా నా బ్రేకుల మహిమ!” మా అమ్మాయి ఏడుస్తూ నవ్వింది. పెద్దసారు బావమరిదికి ‘ముఖ్య సలహాదారు’ అని కొత్త పదవి పెట్టారట. ఆ కుర్చీ ఇంకా పెద్దదట.

“అవును బాబూ, అంతా బ్రేకుల మహిమే” అన్నాను.

ఇప్పుడు మా అల్లుడి కింద ఓ కొత్త డిప్యూటీ చేరాడు. రోజూ పొద్దున్నే మా గేటు ముందు కారు ఆపుతాడు. అంటే, మా గేటు ముందు కూసి, పక్కవీధిలో ఆగి, నడిచి వెనక్కి వస్తాడు.

“అమ్మగారూ, నా బ్రేకులు సారుకి వినబడ్డాయంటారా? నాకూ ప్రమోషను వస్తుందంటారా?” అని ఇవాళ ఎంతో ఆశగా అడిగాడు.

జాలేసింది. చెమట పట్టిన ఆ మొహం చూసి పక్కన కూర్చోబెట్టుకున్నాను.

“అది సరే గానీ నాయనా, నీకు అత్తగారుందా?”