ప్రతిభ మీద శాలువా

బాగా చదివే పిల్లల్ని చదవనివ్వకూడదు. ఈ మాటన్నందుకు మీరు నన్ను తిట్టుకోవచ్చు. తిట్టుకోండి! కానీ చదువులో ముందున్న పిల్లని ఆదివారం పూట పుస్తకంతో వదిలేస్తే ఏమవుతుంది? ఇంకా చదువుతుంది. దానివల్ల సమాజానికి ఒరిగేదేమిటి? ఒక్క ఫోటో అయినా పడుతుందా?

ఈ సంగతి మా వైపు మొట్టమొదట గ్రహించిన మహానుభావుడు జగ్గయ్యపేట చంద్రమౌళి గారు. ఎరువుల కొట్టు ఆయనది. రెండువేల ఐదులో ఓ రోజు ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని పురుగుమందుల వివరాలు వెతుకుతుంటే, ప్రతిభగల విద్యార్థుల వెన్ను తట్టే ఓ అంతర్జాతీయ సంస్థ కంటపడింది. బాగా చదవాలి, సేవ చెయ్యాలి, నాయకత్వం వహించాలి. ఈ మూడూ ఉన్న పిల్లలకే సభ్యత్వం. నెల తిరక్కుండా ‘అంతర్జాతీయ ప్రతిభా గౌరవ సమాఖ్య, జగ్గయ్యపేట–నందిగామ శాఖ’ వెలిసింది. పైవాళ్ళు పంపిన అనుమతి పత్రం మరీ చిన్నదిగా ఉందని ఈయన దాన్ని తలుపంత చేయించి, యూరియా బస్తాల పైన గోడకి కొట్టించారు.

శాఖకి తొలి సభ్యురాలు నందిగామ అమ్మాయి అమూల్య. పదో తరగతి. మండలాఫీసులో గుమాస్తా దత్తాత్రేయ గారి కూతురు. ఈ పిల్లకో చెడ్డ అలవాటుంది. లెక్కలంటే ఇష్టం! ఆదివారం వస్తే తలంటు పోసుకుని, వరండాలో జుట్టు ఆరబెట్టుకుంటూ, పాఠం చివరన మాస్టార్లు వదిలేసే కష్టమైన లెక్కలు ఏరుకుని మరీ చేసుకుంటుంది. మార్చిలో పబ్లిక్ పరీక్షల్లో మండలం ఫస్ట్ రావాలని ఆమె పంతం. అందుకోసం ఎవర్నీ ఏమీ అడగలేదు, ఆదివారాలు తప్ప.

సరిగ్గా ఆ ఆదివారాలే సమాఖ్యకీ కావలసొచ్చాయి.

మొదటి సభ జగ్గయ్యపేట కల్యాణమండపంలో. పొద్దున్నే రావలసిన ముఖ్య అతిథి పులిహోర చల్లారాక వచ్చారు. అందాకా ప్రతిభ అంతా వేదిక మీద వరసగా కూర్చునే ఉంది. సేవ అంటే కుర్చీలు సర్దడమనీ, నాయకత్వం అంటే అతిథికి ఎదురెళ్ళి బొకే ఇవ్వడమనీ చంద్రమౌళి గారు పిల్లలకి విడమరిచి చెప్పారు. ఆ తర్వాత అతిథి గారు కాలం విలువ గురించి మాట్లాడారు. ఎంతసేపు మాట్లాడారంటే, మధ్యలో ఒకసారి మైకు కాలిపోయింది, కొత్త మైకు వచ్చింది. అమూల్య ఒళ్ళో చెయ్యి పెట్టుకుని వేలితో ఏవో అంకెలు వేసుకుంటుంటే పక్కనున్న పెద్దాయన మోచేత్తో పొడిచి, “వినమ్మా, నీకోసమే” అన్నారు.

చివర్లో సత్కారం. పిల్లకి శాలువా కప్పి, కన్నతండ్రిని కింద కూర్చోబెడితే ఏం బాగుంటుంది? మన పద్ధతి కాదు కదా! దత్తాత్రేయ గార్నీ పైకి పిలిచారు. ఎప్పుడూ ఆఫీసర్ల కుర్చీ వెనక ఫైళ్ళతో నిలబడ్డ మనిషి, పాపం. శాలువా భుజాన పడగానే ఆయన మెడ కాస్త పైకి లేచింది. మళ్ళీ దిగలేదు.

ఇక అక్కణ్ణుంచి చూడండి ప్రోత్సాహం! కంచికచర్లలో అభినందన. పరిటాలలో ఆశీస్సులు. కీసరలో హైవే పక్కన లారీల హారన్ల మధ్య ఆత్మీయ సత్కారం. నందిగామ సెంటర్లో ఫ్లెక్సీ. అందులో చంద్రమౌళి గారు నిలువెత్తున నమస్కారం పెడుతున్నారు, దత్తాత్రేయ గారు నడుం దాకా ఉన్నారు, కింద మూలన అమూల్య ఉంది. దగ్గరికెళ్తే కనిపిస్తుంది.

“నాన్నా, ఈ ఆదివారం నే రాను. ట్రిగనామెట్రీ అంతా అలాగే ఉండిపోయింది.”

“అదేంటమ్మా, వాళ్ళంత అభిమానంగా పిలుస్తుంటే! బస్సులో చదువుకో. కిటికీ పక్క సీటు నే ఆపుతాగా.”

“పిల్ల మొహం చూడండి, ఎలా పీక్కుపోయిందో,” అంది తల్లి రాజ్యశ్రీ.

“ఫోటోల్లో బాగానే పడుతోందిలే,” అన్నారాయన.

అమూల్య ఆలోచించింది. మార్కులు తగ్గితే సభ్యత్వం పోతుందని నియమం ఉందిగా! అర్ధసంవత్సర పరీక్షలో, వచ్చిన లెక్కల్నే పంటిబిగువున వదిలేసి వచ్చింది. చేతులారా తెల్లకాగితం ఇచ్చినందుకు ఇంటికొచ్చి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చింది కూడా.

సమాఖ్య ఆమెని వదిలిందనుకున్నారా? అదే జరిగితే దాన్ని ప్రోత్సాహం అనరు. “తడబడిన ప్రతిభకు మనం కాకపోతే ఎవరండీ అండ?” అంటూ చంద్రమౌళి గారు మునుపటికంటే పెద్ద సభ పెట్టించారు. వక్తలు వంతులవారీగా ఆమెకి ధైర్యం చెప్పారు. మధ్యాహ్నమయ్యేసరికి ఆమెకి నిజంగానే భయమేసింది.

ఆఖర్న మైకు ఆమె చేతికిచ్చారు. అమూల్య లేచి, గొంతు సవరించుకుంది.

“మమ్మల్ని పెద్దవాళ్ళంతా ఇంతలా ప్రోత్సహిస్తున్నారు. ఆదివారం ఇంటిపట్టున ఉండకుండా మాకోసం తిరుగుతున్నారు. మరి మిమ్మల్ని ఎవరు ప్రోత్సహిస్తారండీ?”

చంద్రమౌళి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇన్నాళ్ళూ ఈ ముక్క తమకెందుకు తట్టలేదా అని వేదిక మీదివాళ్ళంతా ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

ఆ పై వారం నుంచే సమాఖ్య పెద్దల్ని ప్రోత్సహించడం మొదలెట్టింది. అధ్యక్షుల వారైన చంద్రమౌళి గారికి కార్యదర్శి శాలువా కప్పారు, కార్యదర్శికి అధ్యక్షుల వారు కప్పారు. మైకులు అద్దెకిచ్చేవాడికి కూడా ఒకటి దక్కింది. దత్తాత్రేయ గారికైతే ఊపిరి సలిపితే ఒట్టు! కూతుర్ని తాను పెంచిన తీరు గురించి ఆయన ఊరూరా మాట్లాడుతున్నారు. పిల్లల్ని ఎవరూ పిలవడం లేదు. వేదిక మీద చోటెక్కడుందీ?

చూశారా మరి, సమాఖ్య వల్ల విద్యార్థులకి జరిగిన మేలు!

మార్చి ఆఖర్లో ఓ ఆదివారం జి.కొండూరులో దత్తాత్రేయ గారికి ‘ఉత్తమ ప్రోత్సాహక జనకుడు’ బిరుదు ఇచ్చారు. సాయంత్రం ఆయన మెళ్ళో దండతోనే బస్సు దిగి ఇంటికొచ్చేసరికి, అమూల్య వరండాలో జుట్టు ఆరబెట్టుకుంటూ కూర్చుని ఉంది.

“అమ్మా, ఇవాళ నీ చదువు గురించి ఎంతసేపు చెప్పాననుకున్నావ్! అంతా చప్పట్లే. అవునూ, పరీక్షలెప్పట్నుంచి?”

“మొన్నటితో అయిపోయాయి నాన్నా.”

దత్తాత్రేయ గారు దండ తియ్యబోయి ఆగిపోయారు. “అయిపోయాయా? మరి నాతో ఒక్క మాటైనా అన్లేదేం?”

“చెబితే ప్రోత్సహిస్తావని భయమేసింది.”

దండ, శాలువా తీసి కుర్చీలో పెట్టి, మెట్టు మీద కూతురి పక్కన కూర్చున్నారు. “లెక్కల పేపరు ఎలా ఇచ్చారమ్మా?” అని నెమ్మదిగా అడిగారు. ఆ సంవత్సరమంతటిలో ఆ ప్రశ్న ఆయన అడగడం అదే మొదలు.

ఫలితాలు మేలో వచ్చాయి. అమూల్యకి ఎన్నొచ్చాయో నాకు తెలుసు, వాళ్ళ నాన్నకీ తెలుసు. చంద్రమౌళి గారు ఫోన్ చేసి అడిగితే దత్తాత్రేయ గారు “ఏదో పాసయిందిలెండి” అని పెట్టేశారు. పాఠకులారా, మీకూ చెప్పను. చెబితే మీరు మాత్రం ఊరుకుంటారా? వచ్చే ఆదివారం ఆ పిల్ల తలంటు పోసుకోవాలి.