అడుగు బురద వాంగ్మూలం

చెరువు అడుగు బురదలో ఇరుక్కున్న నీళ్లు వాంగ్మూలం ఇస్తాయన్నది కాలుష్య నియంత్రణ శాఖలో అందరికీ తెలిసిన సంగతే. చిక్కల్లా గాలి తగలగానే అవి మాట మార్చడమే. బురదలో ఉన్నంతసేపూ తేటగా, నిక్కచ్చిగా మాట్లాడతాయి. సీసా మూత తీస్తే తుప్పు రంగుకి తిరిగి, "అంతా బాగానే ఉందండీ" అంటాయి. ఇంత ఉద్యోగ లక్షణం నీళ్లకెలా అబ్బిందో ఎవరూ విచారించలేదు.

కొంగలకుంట చెరువులో నమూనాలు తీసే పుష్పలీల పదకొండుసార్లు ఇలాగే ఓడిపోయింది. పెన్సిలంత గొట్టం బురదలోకి దించి, ఒక్క బుడగ దూరకుండా సిరంజితో లాగేది. ఏ ఫ్యాక్టరీ పైపు ఏ ఏడాది ఏం వదిలిందో బురదలో జానెడు లోతునున్న నీళ్లు పేరుతో సహా చెప్పేవి. కానీ వాంగ్మూలాన్ని అధికారి సమక్షంలో, మూత తీసి నమోదు చేయాలని నిబంధన. పన్నెండోది కూడా బాగానే ఉందంటే ఫైలు మూసేస్తారు, పైపు మూయరు. చెరువు మీద బతికే నూట నలభై బెస్త కుటుంబాల వలల్లో అప్పటికే చచ్చిన చేపలు తప్ప పడటం లేదు. పుష్పలీలకి ఒళ్లు మండింది.

"అధికారి సమక్షంలో అనే ఉంది సార్, ఆఫీసులో అని లేదు," అంది డిప్యూటీ డైరెక్టర్ వామనమూర్తితో.

ఆయన నిబంధనల పుస్తకం రెండుసార్లు తిరగేసి, ప్యాంటు మడిచి, రబ్బరు స్టాంపుతో చెరువులోకి దిగారు. తల మునిగేదాకా వెళ్లి అంతా విన్నారు. చెయ్యి మాత్రం పైకి పెట్టి, పడవలోంచి ఆమె అందించిన కాగితం మీద పైపు మూయమని రాసి సంతకం చేశారు. ఆ తర్వాత తల పైకెత్తారు.

"ఉత్తర్వు రద్దు. చెరువు బాగానే ఉంది," అన్నారు.

పడవ నడుపుతున్న మత్స్యకారుల సంఘం పెద్ద పోశెట్టి ఆయన నెత్తిమీద చెయ్యి పెట్టాడు.

"నేను గెజిటెడ్ అధికారిని."

"గందుకే సారూ. కిందున్నప్పుడే మీరు నిజం జెప్తుండ్రు. గాడనే ఉండుండ్రి," అంటూ మెల్లగా అదిమాడు.

అప్పట్నుంచీ అడుగునే ఉన్న ఆయన హాజరు క్షేత్ర విధుల కింద పడుతోంది. నీళ్లకి లేని ఊపిరి తనకెందుకని ఆయనే రాసిచ్చారు. ఫైళ్లు ప్లాస్టిక్ సంచుల్లో కిందికి వెళ్లి సంతకాలతో పైకి వస్తున్నాయి. భార్య వసుంధర మొదటి వారం ఏడ్చింది. ఇప్పుడు సాయంత్రాలు చాప తెచ్చుకుని గట్టున కూర్చుని, ఇరవై రెండేళ్లుగా అడగాలనుకున్నవన్నీ గొట్టంలోంచి ఒక్కొక్కటే అడుగుతోంది. విచారణకి వచ్చిన పెద్ద అధికారి తనకి ఈత రాదని రాసి వెళ్లిపోయారు.

వామనమూర్తిని పైకి తీయమని ఇంతవరకూ ఎవరూ అర్జీ పెట్టలేదు. పైపు మూసే ఉంది.